పీకే ముందు ఓ ఏడాది

ఉద్యోగం బదిలీ అయి టైడా లాంటి ఊళ్లో కాపురం పెట్టినవాళ్లకు ఇల్లు సర్దుకోవడం పెద్ద పని కాదు. చిక్కంతా పెరటితోనే. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక, అనంతగిరి ఇంకా రాకముందే తగిలే ఊరిది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద ఓ స్టేషన్, పర్యాటకాభివృద్ధి సంస్థ వాళ్ల ‘జంగిల్ బెల్స్’ కుటీరాలు, కొన్ని ఇళ్లు, మిగతాదంతా చెట్టూ చేమా. ప్రహరీ గోడ అడవికీ ఇంటికీ హద్దని మనం అనుకుంటాం గానీ విత్తనాలకూ పక్షులకూ ఆ సంగతి పట్టదు. అందుకే అక్కడి పెరట్లో మైదానపు మనిషికి పేరు తెలియని మొక్కలే ఎక్కువ కనిపిస్తాయి. పేరు తెలియనిదల్లా పిచ్చిమొక్క అనుకోవడం మనకు అలవాటు. మొదటి సెలవు రోజున ఎవరినో పిలిచి కత్తి చేతికిస్తాం. సాయంత్రానికి పెరడు ‘శుభ్రం’ అయిపోతుంది. ఆ తర్వాత కడియం నర్సరీల నుంచి క్రోటన్లూ గులాబీలూ కుండీలతో సహా ఘాట్ ఎక్కుతాయి. ఈ వరస తిరగబడాలన్నదే ఈ వ్యాసం వాదన. మనిషికీ నేలకూ హాని చేస్తాయని ముందే తెలిసిన కొన్నింటిని మినహాయిస్తే, కొత్త పెరట్లో ఏ మొక్కనూ ఒక ఏడాది చూడకుండా పీకకూడదు. నాలుగు కాలాలు గడవకుండా దానికి ఖాయంగా పేరు పెట్టేయనూ కూడదు.

టైడాలో ఈ మాటకు బరువు మరింత ఎక్కువ. ఇది 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను సవరిస్తూ 1970లో వచ్చిన, అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. కాబట్టి మైదానం నుంచి కొత్తగా వచ్చే మనిషి ఇక్కడ పెరటికి సొంతదారు కాడు. క్వార్టర్స్‌లో ఉండే టీచరో, నర్సో, రైల్వే ఉద్యోగో, అటవీ సిబ్బందో అయివుంటాడు. కొన్నేళ్లకు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతాడు. ఆయన ఒక్క పూటలో కొట్టించిన చెట్టు మళ్లీ ఆ ఎత్తుకు రావాలంటే ఆయన ఉద్యోగకాలం చాలదు. అద్దె ఇంట్లో దిగిన మనిషి, ఎందుకుందో తెలియని స్తంభాన్ని అడ్డంగా ఉందని కూల్చేయడు కదా. పైకప్పు దేని మీద నిలబడిందో ముందు కనుక్కుంటాడు. పెరట్లో మాత్రం ఆ మాత్రపు జాగ్రత్త కూడా అక్కర్లేదని మనం ఎందుకు అనుకుంటున్నామన్నది నా ప్రశ్న.

ఏడాది ఎందుకు, నెల చాలదా అంటే, మొక్క తన ఆనవాళ్లన్నీ ఒకేసారి బయటపెట్టదు. అడవి కంద సంగతే చూడండి. తొలకరికి నేలలోంచి ఆకన్నది లేకుండా పువ్వొక్కటే లేస్తుంది. కుళ్లిన మాంసం కంపు కొడుతూ ఈగలను పిలుచుకుంటుంది. అది వాడిపోయాక మచ్చల కాడ మీద చీలికలు చీలికలుగా విచ్చుకున్న ఒకే ఒక్క ఆకు వస్తుంది. చలికాలానికి అదీ పోతుంది. జూన్‌లో చూసినవాడికీ ఆగస్టులో చూసినవాడికీ అవి రెండు వేర్వేరు మొక్కలు. జనవరిలో చూసినవాడికి అక్కడ ఉన్నది ఉత్త మట్టి. నాభి కూడా అంతే. వానలకు దుంప నుంచి లేచి, ఆకు కొసనే నులితీగగా చేసుకుని పక్క కొమ్మలను పట్టుకు పాకుతుంది. ఆకుపచ్చగా విచ్చిన పువ్వు పసుపుకూ ఎరుపుకూ తిరుగుతుంది. వానలు వెనక్కి తగ్గి చలి ముదిరాక తీగంతా ఎండి, దుంప మాత్రం నేలలో మిగులుతుంది. మోదుగ, బూరుగ ఆకు రాల్చుకుని పూస్తాయి కాబట్టి పువ్వు కనిపించిన రోజున ఆకు దొరకదు, నిండుగా ఆకున్న రోజున పువ్వు దొరకదు. పనస లేత మొక్క ఆకులు చీలి ఉంటాయి, చెట్టయ్యాక చీలిక లేని ఆకులు వేస్తుంది. ఎండకూ నీడకూ, లేతకూ ముదురుకూ ఆకు రూపం మార్చుకుంటుంది. పువ్వు కట్టుబడి అంత తేలిగ్గా మారదు. అందుకే వృక్షశాస్త్రం మొక్కల వర్గీకరణకు పువ్వునూ కాయనూ ప్రధాన ఆధారాలుగా తీసుకుంది. ఒక్క ఆదివారపు చూపుతో తీర్పు చెప్పేవాడు సాక్ష్యంలో సగం కూడా వినకుండానే తీర్పు చెబుతున్నట్టు.

అలాగని పువ్వు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మొక్క పేరు తెలియడానికి ముందు దాని కుటుంబం తెలుస్తుంది. ఈ కొండల్లో అందుకు మంచి బడి కాఫీ పొద. కాఫీ ఆకులు జంటలు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి. అంచులకు రంపపు పళ్లుండవు. జంట కాడలు కొమ్మను తాకే కణుపు దగ్గర, రెండు కాడలకూ నడుమ, చిన్న ముక్కోణపు పొలుసు కనిపిస్తుంది. ఈ మూడు గుర్తులూ కలిసి ఉన్న చెట్టు ఎంత పెద్దదైనా, ఎంత పొట్టిదైనా, కాఫీ చుట్టమయ్యే అవకాశం చాలా ఎక్కువ. కదంబం, తొగరు, ముళ్ల మంగ, తోటల్లో పెంచే నూరువరహాలు అన్నీ ఆ కుటుంబంవే. కొమ్మ తుంచితే పాలు కారి, ఆకు ఊడినచోట కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి మచ్చ ఉంటే మర్రి, మేడి, పనసల వైపు చూడాలి. పాలు కారుతూ ఆకులు ఎదురెదురుగా ఉంటే అంకుడు, పాలకొడిశ, జిల్లేడు ఉన్న కుటుంబం గుర్తుకు రావాలి. ఆ కుటుంబంలో విషమున్నవి చాలా ఉన్నాయి గనుక చెయ్యి కడుక్కోవాలి. కాండం నలుపలకగా ఉండి, ఎదురెదురు ఆకులను నలిపితే ఘాటైన వాసన వస్తే తులసి బంధువని ఊహించవచ్చు. కాయ చిక్కుడులా ఉండి, ఆకు కాడ మొదలు ఉబ్బి ఉంటే అది పప్పుధాన్యాల వర్గం. పది కుటుంబాల గుర్తులు చేతికొస్తే, పేరు తెలియని పచ్చదనమంతా ఒక్కసారిగా ముఖం లేని గుంపులా కనిపించడం మానేస్తుంది. ఈ పని మొదటి వారం నుంచే చేసుకోవచ్చు. ఏ తొందర నిర్ణయాన్నీ ఇది అడగదు.

కొన్ని మొక్కల విషయంలో మాత్రం ఓపిక పనికిరాదు. వాటిని మొదటి రోజునే నేర్చుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే గురివింద తీగను ముందు వెతకాలి. ఆకు చింతాకును పోలి ఉంటుంది. ఎర్రటి గింజ మీద నల్లటి చుక్క చూసి పిల్లలు ఏరుకుంటారు. గింజ నమిలితే ప్రాణాపాయం. నాభి దుంపలో ఉండే కాల్చిసిన్ కూడా అలాంటి విషమే, పైగా తినే దుంపలతో కలిపి పొరబడేందుకు వీలుంది. ముష్టి గింజ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దూలగొండి కాయల మీది నూగు గాలికి రాలి ఒంటికి తగిలినా దురద ప్రాణం తీస్తుంది. నల్లజీడి చెట్టు రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చాకళ్లు బట్టలకు చెరగని గుర్తులు పెట్టడానికి వాడింది ఆ గింజ రసాన్నే. మామిడి, జీడిమామిడి దానికి దగ్గరి బంధువులు. అడవి దుంప తీగల్లో మరీ జాగ్రత్త కావాలి. ఒక తీగకు ఐదేసి చిట్టి ఆకులుంటాయి, దాని దుంప కూరకు పనికొస్తుంది. దానిలాగే కనిపించే ఇంకొకదానికి మూడేసి ఉంటాయి, కాండం మీద ముళ్లుంటాయి. ఆ దుంపను కొండ ప్రజలు పలుచగా తరిగి, పారే నీళ్లలో రోజుల తరబడి ఉంచి, ఉడకబెట్టి గానీ తినరు. మొదటి తీగకు ఒక్కోసారి మూడు ఆకులే రావచ్చు కూడా. అందుకని తెలిసినవాళ్లు ఆకులు లెక్కపెట్టి ఊరుకోరు. గాలిలో కాయదుంపలు కాసిందా లేదా అన్నది కూడా చూస్తారు. ఇంత సూక్ష్మమైన తేడా మీద మనిషి ప్రాణం ఆధారపడినచోట, రుచి చూసి గుర్తుపట్టడం అనే పద్ధతిని పూర్తిగా వదిలేయాలి.

మన కంటి తీర్పును నమ్మకూడదని చెప్పడానికి ఇంకో గట్టి ఆధారం పక్కనున్న అరకు లోయ అందాల్లోనే ఉంది. ఈ లోయ అనగానే ఏం గుర్తొస్తుంది? నవంబరు, డిసెంబరు నెలల్లో పసుపు పరిచిన వలిసె చేలు, కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు. వలిసెల పుట్టిల్లు ఇథియోపియా. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీది కూడా ఇథియోపియానే. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. మిరియం పడమటి కనుమలది. సంతలో ఇక్కడి పంటగా పేరు మోసిన రాజ్మా, కొండవాలు మీద కాసే సీతాఫలం, పైనాపిల్, రంగు కోసం పెంచే జాఫ్రా అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. ఇవి వద్దని నేననడం లేదు. కాఫీ, మిరియం లేకపోతే ఇక్కడి ఎన్నో కుటుంబాలకు చేతిలో డబ్బు ఆడదు. నేను చెప్పేది ఒక్కటే. చూడగానే ‘ఇది అచ్చంగా ఈ ఊరి మొక్క’ అనిపించేవి చాలావరకు వలస వచ్చినవి. ‘ఇదేదో పిచ్చిమొక్క’ అనిపించేవి చాలావరకు ఈ నేల సొంత బిడ్డలు. పొగరుబోతు లంటానానే తీసుకోండి. ముచ్చటైన పూల కోసం 19వ శతాబ్దపు తొలినాళ్లలో తెచ్చి తోటల్లో పెంచితే, అది గోడ దూకి దేశమంతా అడవుల్లో కమ్ముకుంది. అందాన్ని చూసి ఉంచడం, అందం లేదని పీకడం అన్న కొలతతో మనం ఒకసారి ఘోరంగా మోసపోయాం. మళ్లీ అదే కొలత పట్టుకోవడం తెలివైన పని కాదు.

అందం లేని మొక్కల జాబితా చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. తూర్పు కనుమల ఉత్తర భాగంలో, అటు బస్తర్ దాకా, ఒక అడవి కంది పెరుగుతుంది. చూడటానికి పొలం కందికి పేద చుట్టంలా ఉంటుంది. శాస్త్రజ్ఞుల లెక్కలో అది మన పప్పుకు అన్నిటికన్నా దగ్గరి అడవి బంధువు. కంది ఈ దేశంలోనే పుట్టిందనడానికి అది ముఖ్యమైన సాక్ష్యం, కొత్త వంగడాలు తయారు చేసేవాళ్లకు పెట్టుబడి. తెల్లని పాలు కారే అంకుడు చెట్టుకు నీడా పెద్దగా ఉండదు, పండూ ఉండదు. కానీ ఏటికొప్పాక లక్క బొమ్మలు తయారయ్యేది దాని మెత్తని కర్రతోనే. జీలుగు చెట్టును నగరాల్లో ‘ఫిష్‌టెయిల్ పామ్’ అని పేరు పెట్టి హోటళ్ల ముందు పెంచుతారు. ఇక్కడ అది ఒక కుటుంబానికి కల్లు, కొంతకాలం ఆదాయం. అడ్డాకు తీగ పక్క చెట్టును కమ్మేస్తోందని నరికేస్తాం, విస్తరాకులు కుట్టేవాళ్లకు అదే కూలి. కొండచీపురు గడ్డి ఏటిగట్టున పెరిగిన రెల్లులా కనిపిస్తుంది, మన ఇల్లు ఊడ్చేది దాని కంకులే. చెట్టు కొమ్మ మీద పెరిగే వాండా వంటి ఆర్కిడ్‌ను చూసి చెట్టును పీల్చేస్తోందని పీకి పారేసేవాళ్లున్నారు. నిజంగా చెట్టు రసం పీల్చేది బదనిక. ఆర్కిడ్ కొమ్మను ఆసరాగా మాత్రం పట్టుకుంటుంది, తన తిండి గాలిలోని తేమ నుంచీ, బెరడు మీద చేరిన చెత్త నుంచీ తెచ్చుకుంటుంది. బదనిక వేరు కొమ్మలోకి దిగిపోయి ఉంటుంది, ఆర్కిడ్ వేళ్లు తెల్లగా పైనే పాకి ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే నిమిషంలో తేలిపోయే తేడా ఇది. ఆ నిమిషం కేటాయించకుండానే శిక్ష అమలైపోతోంది.

మరి పేరెవరు చెప్పాలి? ముందుగా ఇరుగుపొరుగు. కొండదొర, బగత, వాల్మీకి, కోదు, పోర్జా వంటి ఎన్నో తెగలవాళ్లు ఈ మండలాల్లో ఉన్నారు. తెలుగుతో పాటు కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషలు మాట్లాడతారు. వాళ్లకు మొక్క తెలిసింది పుస్తకంలో కాదు, పనిలో. ఆకు కుట్టేవాళ్లకు ఒకటి తెలుస్తుంది, కల్లు గీసేవాళ్లకు మరొకటి, దుంపలు తవ్వే ఆడవాళ్లకు ఇంకొకటి. వారపు సంతలో ఒక పూట తిరిగితే ఆకుకూరలు, దుంపలు, వెదురు కొమ్ములు, కరక్కాయలు వాటి వాటి కాలంలో వరస కడతాయి. 1956లో విశాఖలో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయాల పట్టీ చూసినా ఈ కొండ ఏం కాస్తుందో తెలుస్తుంది. దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. నోటి పేర్లు ఊరికొకటి ఉంటాయి, ఒకే పేరు నాలుగు మొక్కలకు ఉంటుంది. నరమామిడి అన్న పేరు విని మామిడి జాతి అనుకుంటే తప్పు, అది దాల్చినచెక్క కుటుంబపు చెట్టు. నేలవేముకూ వేపకూ చుట్టరికం లేదు, చేదు ఒక్కటే ఉమ్మడి. నిజమే. అయితే నేల ఉసిరి, పెద్ద ఉసిరి రెండూ ఒకే ప్రజాతివని వృక్షశాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. ఆకుల వరస కింద కాయలు వేలాడే తీరు చూసి మన పెద్దలు ముందే పట్టేశారు. అంటే నోటి పేరు ఒకచోట రుచిని చెబుతుంది, ఒకచోట వాడకాన్ని, ఒకచోట నిజమైన బంధుత్వాన్ని. దాన్ని తుది తీర్పుగా కాక విలువైన సాక్ష్యంగా తీసుకోవాలి. ఎవరు చెప్పారో, ఏ భాషలో చెప్పారో పక్కన రాసుకోవాలి. శాస్త్రీయ నామం ఈ పేర్లన్నిటినీ ఒక మొక్కకు కట్టే ముడి. దానికి వీటితో పోటీ లేదు.

ఈ రెండు దారులూ కలిసే పనిచేశాయనడానికి మన తీరంలోనే రుజువుంది. లిన్నేయస్ 1753లో రెండు మాటల నామకరణాన్ని స్థిరపరిచాక, ఆయన శిష్యుడు కోనిగ్ ఆ పద్ధతిని దక్షిణ భారతానికి తెచ్చి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన వల్ల ఈ విద్యలోకి మరింత దిగిన విలియం రాక్స్‌బర్గ్ 1780లలో సామర్లకోటలో ఉద్యానం నడిపాడు. ఉత్తరాన కొండల్లో అడవిగా పెరుగుతున్న మిరియపు తీగను పట్టించుకుని తోట వేయించాడు. ఎన్నో మొక్కలను తోటలో పెంచి, పూత ఎప్పుడో, కాయ ఎప్పుడో నమోదు చేశాడు. దేశీ చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అన్న ఆయన గ్రంథం 1795–1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో లండన్‌లో అచ్చయింది. ఆ వర్ణనల్లో లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు కూడా కనిపిస్తుంది. ఆ పేరు చెప్పినవాళ్లెవరో, ఆ బొమ్మ గీసినవాళ్లెవరో మాత్రం ముఖపత్రం మీదికి రాలేదు. అందులో నేర్చుకోవలసిన మంచీ ఉంది, దిద్దుకోవలసిన చెడూ ఉంది. మొక్కను పూసేదాకా చూడటం, ఊరివాళ్లను అడగడం మంచి. అడిగి తెలుసుకున్నాక చెప్పినవాళ్లను మరిచిపోవడం చెడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. పెరటి మొక్కల గురించి మనం రాసుకునే పుస్తకంలో తేలిన సంగతులు, చెప్పినవాళ్ల అనుమతితో, వాళ్ల పేరుతో అందులోకి చేరితే ఆ పాత బాకీలో కొంతైనా తీరుతుంది.

‘ఇంత తంటా ఎందుకు, ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు చెప్పేస్తుందిగా’ అన్నది ఈ కాలపు అభ్యంతరం. గూగుల్ లెన్స్, ప్లాంట్‌నెట్, ఐనాచురలిస్ట్ వంటివి నిజంగా పనికొస్తాయి. కుటుంబం దాకా, ప్రజాతి దాకా చాలాసార్లు సరిగ్గానే తీసుకెళ్తాయి. అయితే ఆ యంత్రం నేర్చుకున్నది జనం ఇదివరకు తీసిన ఫొటోల నుంచి. లోకమంతా తిరిగిన మొక్కకు లక్షల ఫొటోలుంటాయి. ఈ కనుమల్లో తప్ప ఎక్కడా లేని మొక్కకు నాలుగు కూడా ఉండకపోవచ్చు. కాబట్టి లంటానానూ కాఫీనీ సిల్వర్ ఓక్‌నూ అది తడుముకోకుండా చెబుతుంది. అడవి కంది దగ్గరికొచ్చేసరికి పొలం కంది అనేసే ప్రమాదం ఉంది. అంటే మన కంటికి ఏ పక్షపాతం ఉందో ఫోన్‌కూ అదే ఉంది. వలస వచ్చినవాటిని గుర్తుపడుతుంది, ఇంటివాటిని పోల్చుకోలేదు. పైగా పువ్వు లేని ఆకు ఫొటో ఇచ్చి పేరడిగితే అదీ మనలాగే ఊహిస్తుంది. దాని జవాబును విచారణకు మొదటి మెట్టుగా తీసుకోండి. తినడానికీ, మందుకూ, పీకడానికీ మాత్రం అది ఆధారం కాదు. నిజంగా తేల్చుకోవాలంటే పూతతో ఉన్న రెమ్మను పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, తేదీ, చోటు రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికో హైదరాబాదులోని భారతీయ వృక్ష సర్వేక్షణ సంస్థ కేంద్రానికో చూపించవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద గాంబుల్ మొదలుపెట్టిన గ్రంథం, ఆంధ్రప్రదేశ్ మొక్కల మీద టి. పుల్లయ్య బృందం తెచ్చిన సంపుటాలు అక్కడివాళ్లకు చేతిపుస్తకాలు.

ఇక నిత్యజీవితం వేసే ప్రశ్నలు. పాములుంటాయి, దోమలుంటాయి, ఏడాదంతా పెరడు అడవిలా వదిలేస్తే పిల్లలతో కాపురం ఎలా? ఈ భయం నిజమైనది. దీన్ని తేలిగ్గా తీసేసేవాడికి కొండల్లో కాపురం సంగతి తెలియనట్టే. గోడల పక్కనా, గుమ్మం ముందూ, బావి దారీ, దొడ్డిదారీ నడిచే మేర గడ్డి కోసి ఉంచాల్సిందే. రాళ్ల గుట్టలు, కట్టెల మోపులు, చెత్త ఇంటికి దూరంగా పెట్టాల్సిందే. పాము చేరేది చాలావరకు వాటిలోనే. దోమ పెరిగేది నీళ్లలో. మన్యం మలేరియాకు ఆకును తప్పుపట్టి లాభం లేదు. పైకి కోయడం వేరు, వేరుతో పెళ్లగించడం వేరు. కోసిన మొక్క మళ్లీ చిగురించి తన సాక్ష్యం చెబుతుంది. రెండో ప్రశ్న, ఏడాది ఊరుకుంటే లంటానా, వయ్యారిభామ పెరడంతా మింగేయవా? మింగేస్తాయి. అందుకే మొదట్లోనే వాటిని మినహాయించాను. 1950లలో పుణె దగ్గర కంటపడి కొద్దికాలంలోనే దేశమంతా పాకిన వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు గుడ్డ చుట్టుకుని పీకాలి. లంటానాను కాయ పండకముందే తీసేయాలి, దాని పండు తిన్న పిట్ట విత్తనాన్ని ఊరంతా చల్లుతుంది. పీకవలసినవి గట్టిగా తెలియాలంటే పీకకూడనివి ఏవో తెలియాలి కదా, రెండూ ఒకే చదువు. మూడో ప్రశ్న, నాలుగు కూరగాయలు వేసుకోవద్దా? వేసుకోండి. ఖాళీగా ఉన్న చదునైన చోట మళ్లు కట్టుకోండి, కొండవాలు మీద, నీళ్లు పారే దారిలో ఉన్నదాన్ని కదపకండి. కుండపోత వానల్లో ఆ వాలు మట్టిని పట్టి ఉంచేది పేరు తెలియని ఆ వేళ్లే.

ఓపిక అన్నది బయటివాళ్లు వచ్చి ఈ కొండలకు నేర్పే పాఠమేమీ కాదు. విశాఖ మన్యంలో మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త అని పండగలున్నాయి. ఆ పండగ అయ్యేదాకా కొత్త కాయను, కొత్త గింజను నోట పెట్టరు. దేవుడికి పెట్టాకే తినడం అందులోని భక్తి. పిందెను పిందెగా తెంపకుండా ముదరనివ్వడం, విత్తనాన్ని గట్టిపడనివ్వడం అందులో ఇమిడిన లోకజ్ఞానం అని నాకనిపిస్తుంది. కాలం రాకుండా చెయ్యి వేయకూడదని ఊరంతా కలిసి కట్టుబాటు పెట్టుకున్న నేల మీద, కొత్తగా వచ్చిన మనం మొదటి ఆదివారమే కత్తి తీయడం మర్యాద అనిపించుకోదు.

కాబట్టి టైడాలోనో, పాడేరులోనో, చింతపల్లిలోనో కొత్త ఇంట్లో దిగేవాళ్లకు నా మనవి ఇది. మొక్కలు కొనే ముందు ఒక నోటుపుస్తకం కొనండి. ఒక్కో మొక్కకు ఒక పేజీ. ఆకుల అమరిక, నలిపితే వాసన, పాలు ఉన్నాయో లేవో, పూసిన నెల, కాసిన నెల, దాని మీద వాలిన పిట్ట, ఊళ్లో ఎవరు ఏ పేరు చెప్పారు, దేనికి వాడతారు అన్నీ రాయండి. తెలియనివి తెలియవనే రాయండి. ఏడాది తిరిగాక పీకాలనిపిస్తే పీకండి, అప్పటికి ఏం పీకుతున్నారో మీకు తెలిసే ఉంటుంది. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున ఇంటి తాళాలతో పాటు ఆ పుస్తకాన్ని కూడా తర్వాత వచ్చేవాళ్ల చేతిలో పెట్టి వెళ్లండి.